మూసలోని సీసము - అడవిలోని జింక

సీసము లోహములలో పేదది. బంగారమున కున్న వన్నె దానికి లేదు. ఇనుమున కున్న బిగువు లేదు. కంచున కున్న మ్రోత లేదు. గోటితో గీచిన గీత పడును. అయినను మానవ చరిత్రలో దాని పాలు తక్కువది కాదు. ఆంధ్రదేశము నేలిన శాతవాహనులు తమ నాణెములలో పెక్కింటిని సీసముతోనే చేయించిరి. మన గ్రంథాలయపు బీరువాలలోని పాత పుస్తకములు సీసము కలిసిన అక్షరములను కూర్చి అచ్చొత్తినవే. నాణెమై సంతకు పోయిన లోహమే, అక్షరమై బడికి వచ్చిన లోహమే, గుండై అడవిలోనికిని పోయినది.

ఈ మూడవ ప్రయాణమునకు సంబంధించిన చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రములలో విపులముగా కలదు. అచ్చటి పల్లెవాడు తరతరములుగా తన పొయ్యిమీద సీసము కరగించి, తన మూసలో గుండు పోసికొని, మందు తానే కొలిచికొని, జింకను వేటాడుచు వచ్చినాడు. కర్మాగారములలో చేసిన తూటాలు అంగళ్లలో దొరకుచున్న ఈనాడును ఆ పని విడువనివారు ఆ దేశమున అనేకులు కలరు. ఇది కేవలము తుపాకుల కథ కాదు. కొలత నేర్చిన మనుష్యుడు దేనిని కొలిచెను, దేనిని కొలువక విడిచెను, విడిచినందువలన నేమి పోగొట్టుకొనెను అనునదియే ఇందలి ముఖ్య విషయము.

పొయ్యి, మూస, కొమ్ము

సీసము 327 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కరగును. రాగి కరగుటకు 1,085 డిగ్రీలును, ఇనుము కరగుటకు 1,538 డిగ్రీలును కావలెను. రాగి యినుములకు కొలిమియు తిత్తియు వలయును గాని, సీసమునకు వంటపొయ్యి చాలును. ఈ యొక్క గుణముచేతనే గుండుపోత ఇంటిపని యయ్యెను.

18వ శతాబ్దిలో జర్మనీనుండి వలసవచ్చిన తుపాకి పనివారు పెన్సిల్వేనియా ప్రాంతమున, ముఖ్యముగా లాంకాస్టరు పట్టణపు చుట్టుపట్ల, ఒక పొడవైన తుపాకిని రూపొందించిరి. దాని గొట్టములోపల మెలి తిరిగిన గాడులుండును. ఆ గాడుల వెంట పోవు గుండు బొంగరమువలె తిరుగుచు వెలువడును గనుక త్రోవ తప్పక గురికి చేరును. గాడులు గల తుపాకికే రైఫిలని పేరు. ఆనాటి పనివాడు తుపాకితోపాటు దానికి సరిపడు గుండుమూసను గూడ చేసి యిచ్చుచుండెను. గొట్టపు వెడల్పును ఒక పౌను సీసమునకు ఎన్ని గుండ్లు వచ్చునో ఆ లెక్కతో చెప్పుట వాడుక. పౌనుకు 40 గుండ్లు వచ్చినచో నది యించుమించు అరయంగుళపు తుపాకి.

గుండు గొట్టముకంటె నించుక చిన్నదిగా నుండును. దానిని క్రొవ్వు రాచిన గుడ్డముక్కలో నుంచి తుపాకి మూతినుండి లోనికి దిగద్రోయుదురు. గుడ్డ గాడులను పట్టుకొనును. గుండు గుడ్డతో కూడ తిరుగును. మందును కొమ్ముతో చేసిన చిన్న కొలపాత్రతో పోయుదురు. ఆ కొలపాత్ర అందఱి కొకటి కాదు. ఏ తుపాకి కాతుపాకి తన కొలతను తానే కోరును. వేటకాడు తక్కువ మందుతో మొదలిడి, కొంచెము కొంచెముగా పెంచుచు, గుండ్లన్నియు గురిపై ఒకచోట పడుచున్న మేర తెలిసికొని, కొలపాత్రను ఆ మేరకు నిర్ణయించుకొనెడివాడు. శీతకాలమున నేలపై పేరుకొన్న తెల్లని మంచుమీదుగా కాల్చి, కాలని మందుగింజలు నల్లగా రాలినచో మందు మించినదని గ్రహించెడివారని యొక వాడుక కలదు. గుండునకు తగిన మందును మెట్టుమెట్టుగా వెదకి సాధించు విద్యకు ఇదియే మూలము.

గుండుపోత ఎంతగా ఇంటిపనియో తెలుపు ఉదంతమొకటి 1776వ సంవత్సరమున జరిగెను. ఆ యేడు జూలై 9వ తేదీన న్యూయార్కు ప్రజలు ఇంగ్లండు రాజైన మూడవ జార్జి విగ్రహమును పడద్రోసిరి. అది బంగారు పూత పూసిన సీసపు విగ్రహము. దాని ముక్కలను కనెక్టికటులోని లిచ్‌ఫీల్డు గ్రామమునకు చేర్చగా, ఆ యూరి స్త్రీలును పిల్లలును కరగించి గుండ్లు పోసిరి. ఎవరెవరు ఎన్నెన్ని చేసిరో వ్రాసిన లెక్క నేటికిని నిలిచియున్నది. ఆ లెక్క మొత్తము 42,088 తూటాలు. స్వాతంత్ర్య యుద్ధపు హడావిడిలో సైతము గుండ్లను ఒక్కొక్కటిగా లెక్కించిన జాతి యది. అట్టి జాతియే జింకలను మాత్రము లెక్కింపక విడిచినది.

తోళ్ల వర్తకము

అమెరికా తూర్పు అడవులలో నుండునది తెల్లతోక జింక. బెదరి పరుగెత్తునప్పుడు తోక నెత్తి అడుగునున్న తెల్లదనమును చూపును గనుక దానికా పేరు. దాని తోలు మెత్తనిది, గట్టిది; ఇంగ్లండులో చేతితొడుగులకును లాగులకును విశేషముగా గిరాకి గలది. 1699 మొదలు 1715 వఱకు దక్షిణ కరోలినాలోని చార్లెస్టను రేవునుండి సగటున ఏటేట 54,000 జింకతోళ్లు ఓడ లెక్కినవి. ఇది యొక్క రేవు లెక్క మాత్రమే. అడవిప్రాంతములలో తోలే నాణెముగా చెల్లినది. నేడు అమెరికనులు డాలరును వాడుకలో "బక్" అందురు. ఆ మాటకు మగజింక యని యర్థము. తోళ్ల మారకమునుండియే ఆ పేరు వచ్చినదని పలువురి యభిప్రాయము.

తోళ్లను తెచ్చిపెట్టినవారు క్రీకు, చెరోకీ మున్నగు ఆదిమ జాతులవారు. వర్తకులు వారికి తుపాకులు, మందు, సీసము ముందుగా అప్పిచ్చి, వేటకాలము ముగిసిన పిదప తోళ్ల రూపమున వసూలు చేసికొనుచుండిరి. జింకలు తగ్గినకొలది తోళ్లు తగ్గినవి. తోళ్లు తగ్గినకొలది అప్పు పెరిగినది. తుదకు 1773లో అగస్టా పట్టణమున జరిగిన ఒడంబడికలో క్రీకులును చెరోకీలును వర్తకుల బాకీల క్రింద సుమారు 20 లక్షల ఎకరముల భూమిని వదలుకొనిరి. మందు కొలిచి యిచ్చిరి, సీసము తూచి యిచ్చిరి, తోళ్లను లెక్కించి పుచ్చుకొనిరి. ఏటికెన్ని జింకలు పుట్టునో, ఎన్నింటిని చంపినచో మిగిలినవి నిలుచునో అను లెక్క మాత్రము ఏ పుస్తకమునను వ్రాయబడలేదు. వ్రాయని ఆ లెక్కకు భూమి జమ అయ్యెను.

ఈ యపాయమును ముందే పసిగట్టినవారు లేకపోలేదు. 1646లోనే రోడ్ ఐలండు వలసలో ఏటి కొంతకాలము జింకవేటను నిషేధించిరి. 1694లో మసాచుసెట్సు వలసయు అట్టి శాసనము చేసెను. వేటకు కాలనియమ మనునది మన పెద్దలకును తెలియనిది కాదు. మహాభారతము ఆదిపర్వమున పాండురాజు మృగరూపమున నున్న కిందమ మహర్షిని బాణముతో కొట్టెను. ఆ ముని రాజును నిందించినది మృగమును చంపినందులకు కాదు; వేట రాజులకు కలదని యాతడును ఒప్పుకొనెను. జంట కూడియున్న సమయమున ఆగక కొట్టితివనునదియే యాతని యభియోగము. అనగా చంపుటలోను ఆగవలసిన వేళ యొకటి కలదు. ఆ వేళను పాటింపని రాజు తన సంతానభాగ్యమునే పోగొట్టుకొనెను. అమెరికాలోని తొలి శాసనములు మంచివే గాని, అడవి అనంతమని నమ్మిన జనులు వానిని లక్ష్యపెట్టలేదు.

ఇత్తడి తూటా, రైలుబండి

19వ శతాబ్దిలో గుండు రూపము మారినది. ఫ్రాన్సు దేశపు సేనాని క్లోడ్ ఏతియేన్ మినియే 1849 ప్రాంతమున, ముందు మొనయు వెనుక గుల్లయు గల పొడుగుపాటి సీసపు గుండును ప్రచారములోనికి తెచ్చెను. పిమ్మట మందును, గుండును, నిప్పు పుట్టించు టోపీని ఒకే లోహపు గుల్లలో నిమిడ్చిన తూటా వచ్చెను. 1873లో అమెరికా సైన్యము స్వీకరించిన తూటా పేరు ".45-70". అంగుళములో నూటికి 45 పాళ్ల వెడల్పు, 70 గ్రెయినుల మందు అని దాని యర్థము. గుండు బరువు 405 గ్రెయినులు. పాత తులము 180 గ్రెయినులు గనుక అది సరిగా రెండుంబావు తులముల సీసము. అది సెకనుకు సుమారు 1,300 అడుగుల వేగముతో పోవును. వేగము పెద్దది కాకున్నను, మెత్తని సీసమగుటచే తగిలినచోట విచ్చుకొని గాయమును పెద్దది చేయును.

ఇత్తడి గుల్లకు ఒక సుగుణము కలదు. కాల్చిన పిదప దానిని పాఱవేయ నక్కఱలేదు. టోపీని మార్చి, మందు పోసి, గుండు గ్రుచ్చి మరల వాడవచ్చును. అంగడికి దూరముగా నున్న వేటకాండ్రకు ఇది గొప్ప ఆదా. 1884లో జాన్ బార్లో అను నతడు కనెక్టికటులోని న్యూహేవెన్ పట్టణమున "ఐడియల్" అను సంస్థను స్థాపించి, గుండు పోయుటకును తూటా నింపుటకును వలయు చేతి పనిముట్లను చేసి యమ్మెను. ఎట్లు పోయవలెను, ఎంత నింపవలెను అను విషయములతో కైపుస్తకములను గూడ ప్రకటించెను. ఈ సంస్థ 1925లో లైమన్ అను మఱియొక కనెక్టికటు సంస్థ చేతికి వచ్చెను. గురువు నోట విని నేర్చిన విద్య ఇట్లు పుస్తకమున కెక్కినది.

కాని యదే కాలమున రైలుమార్గములు అడవుల యంచులకు చేరినవి. మంచుగడ్డలతో చల్లబఱచిన బండ్లలో జింకమాంసము చికాగో, న్యూయార్కు అంగళ్లకు పోసాగెను. ఇంటి కూటికై యేటికి రెండు మూడు జింకలను కొట్టిన రైతు స్థానమున, అంగడికై దినదినమును కొట్టు వృత్తి వేటకాడు వచ్చెను. అడవులు నఱికి పొలములు చేసిరి. తెల్లవారు రాక పూర్వము కోట్లలో నున్న తెల్లతోక జింకలు 1900 ప్రాంతమునకు దేశమంతటను సుమారు 5 లక్షలకు తగ్గినవని యంచనా. పలు రాష్ట్రములలో జింకను చూచుటయే అరుదయ్యెను. తుపాకి చక్కబడినకొలది అడవి బోసిపోయెను.

పొగలేని మందు, రాగితొడుగు

ఇంతలో గుండుపోత విద్యకును ఒక గండము వచ్చెను. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియీ పొగలేని మందును కనుగొనెను. పాత మందు పెట్లుప్పు, గంధకము, బొగ్గు కలిపినది. అది కాలినపుడు పొగ కమ్మును, మసి పేరుకొనును. క్రొత్త మందు కొంచెముతోనే గుండును మిక్కిలి వేగముగా త్రోయును. అమెరికాలో 1895లో వించెస్టరు సంస్థ తన 1894 నమూనా రైఫిలునకు పొగలేని మందు గల తూటాను ప్రవేశపెట్టెను. జాన్ బ్రౌనింగు కల్పించిన ఆ రైఫిలు జింకవేటకు మాఱుపేరై, 70 లక్షలకు పైగా చేయబడెను. దాని తూటా "థర్టీ థర్టీ" యని ప్రసిద్ధము.

ఈ వేగమునకు వట్టి సీసము నిలువలేదు. వెనుకనుండి త్రోయు మండుచున్న వాయువు గుండు అడుగును ఒరసి కరగించును. గుండు గాడులను పట్టుకొనలేక జాఱును. సీసము గొట్టమునకు పూసికొని గురి చెడును. అందుచే కర్మాగారములు సీసమునకు రాగితొడుగు వేసిన గుండ్లను చేయనారంభించినవి. పొయ్యిమీద పోయు గుండునకు కాలము తీరినదని పలువురు తలచిరి.

బార్లో అట్లు తలచలేదు. 1906 ప్రాంతమున అతడొక చిన్న యుపాయము పన్నెను. గుండు అడుగునకు చిన్న రాగిమూకుడు వంటి బిళ్లను తొడిగెను. మంట ఆ మూకుడును తాకును గాని సీసమును తాకదు. సీసములో తగరమును ఆంటిమొనిని కలిపి గట్టిపఱచిన గుండు, ఈ బిళ్ల తోడ్పాటుతో, సెకనుకు 2,000 అడుగుల ప్రాంతపు వేగమును గూడ తట్టుకొనగలిగెను.

అదే కాలమున మసాచుసెట్సు రాష్ట్రమున ఫ్రాంక్లిన్ మాన్ అను వైద్యుడు, గుండు గురి ఏల తప్పునను ఒక్క ప్రశ్నకై అనేక సంవత్సరములు పరీక్షలు చేసెను. 1909లో వానిని గ్రంథముగా ప్రకటించెను. గుండు మొన కొంచెము చెడినను గురి యంతగా తప్పదనియు, గుండు అడుగు ఏ కొంచెము వంకరయైనను గురి మిక్కిలి తప్పుననియు అతడు నిరూపించెను. కంటి కెదురుగా కనబడు మొనకంటె కనబడని యడుగే ముఖ్యమని తెలిసినది. నాటినుండి గుండు పోయువారు మొట్టమొదట తిరగవేసి చూచునది అడుగునే.

తగిన తూటాను సాధించు విధము

ఇట్లు బ్రతికిన విద్య రెండవ ప్రపంచయుద్ధానంతరము మఱింత వ్యాపించెను. దాని పద్ధతిని చదువరులు తెలిసికొనదగును. ఏలయన నిందు ఓర్పునకు గల విలువ తేటపడును.

మొదటిది లోహపు కూర్పు. వట్టి సీసము మిక్కిలి మెత్తన. లోహపు గట్టిదనమును కొలుచు బ్రినెల్ మానమున దాని విలువ 5. నూటికి 90 పాళ్లు సీసము, 5 తగరము, 5 ఆంటిమొని కలిపినచో 15 అగును. అచ్చాపీసులలో లైనోటైపు యంత్రమునకు వాడిన లోహము 84 పాళ్లు సీసము, 12 ఆంటిమొని, 4 తగరము. దాని గట్టిదనము 22. 1886లో మెర్గెంతాలర్ కల్పించిన ఆ యంత్రము వార్తాపత్రికలను అచ్చొత్తినంత కాలము, పనితీరిన అక్షరపు కడ్డీలు వేటకాని పొయ్యి చేరుచుండెను. వార్త చదివిన పల్లెవాడు, ఆ వార్తను మోసిన లోహముతోనే గుండు పోసికొన్నాడు. ఆ యంత్రములు మూలబడిన పిదప ఆ లోహమును అరుదైపోయినది.

రెండవది పోత. మూస చల్లగా నున్నచో గుండు ముడుతలు పడును. అందుచే తొలి పోతలను మరల కుండలో వేయుదురు. తేమ తగిలినచో కరగిన సీసము ప్రేలి చిమ్మును గనుక నీటిచుక్కను దరికి రానీయరు. సీసపు ఆవిరియు ధూళియు విషములు గనుక గాలి యాడుచోట పనిచేసి, చేతులు కడిగికొనక అన్నము ముట్టరు. గుండ్లను కంసాలి త్రాసువంటి సున్నితపు త్రాసున తూచి, తేడా గలవానిని తీసివేయుదురు. గొట్టపు గాడుల వెడల్పుకంటె అంగుళములో వేయవ వంతో రెండు వంతులో పెద్దదిగా సరిచేసి, తేనెమైనము కలిసిన జిడ్డు పట్టింతురు.

మూడవది మందు. ఇచ్చట తొందరపాటు ప్రాణాంతకము. పరీక్షించి ప్రకటించిన పట్టికలో చెప్పిన కనిష్ఠ పరిమాణముతో మొదలుపెట్టి, ఒక గ్రెయినులో కొద్ది వంతులు మాత్రమే పెంచుచు, ప్రతి మెట్టునను కొన్ని తూటాలను కాల్చి, 100 గజముల దూరమున గుండ్లు ఎంతదగ్గరగా పడినవో కొలిచి వ్రాసికొందురు. మందు పెరిగినకొలది గురి బాగుపడుచు వచ్చి, ఒక మేర దాటిన పిదప మరల చెదరును. ఆ మేరయే ఆ తుపాకికి తగిన కొలత. దానిని దాటి వేగము కోరినవాడు గురిని పోగొట్టుకొనును. హద్దు మీఱినచో తుపాకియే పగిలి ప్రాణము పోవచ్చును. మూసయో మందో లోహమో మారెనా, లెక్క మరల మొదటికి రావలసినదే.

ఇంతతో పని ముగియదు. గురికాగితము వేఱు, జింక వేఱు. మిక్కిలి గట్టి గుండు కాగితముపై చక్కని గురి చూపును గాని, జింక దేహమున విచ్చుకొనక సూదివలె దూసికొనిపోవును. ఆ జింక వెంటనే పడక దూరము పరుగెత్తి పొదలలో దిక్కులేని చావు చచ్చును. మిక్కిలి మెత్తని గుండు విచ్చుకొనును గాని గొట్టమున సీసము పూసి గురి తప్పించును. తప్పిన గురి కాలినో దవడనో విఱుచును. ఈ రెంటి నడుమ త్రోవ వెదకుటయే వేటకాని కూర్పునకు పరమావధి. అందులకై మొన బల్లపరుపుగా నుండు మూసలను ఎన్నుకొందురు, గట్టిదనమును తగ్గింతురు, అన్నిటికంటె ముఖ్యముగా దూరమునకు హద్దు పెట్టుకొందురు. తన గుండు ఎంతదూరమువఱకు నమ్మదగినదో తానే కొలిచి వ్రాసికొన్నవాడు, ఆ హద్దు కావల నిలిచిన జింకను చూచియు తుపాకి దించవలెను. ఆ దించుటయే ఈ విద్యకు నిజమైన పరీక్ష యని పెద్ద వేటకాండ్ర మతము.

జింకలకు లెక్క వచ్చుట

మందునకు లెక్క కుదిరిన తరువాత చాలకాలమునకు గాని జింకలకు లెక్క కుదురలేదు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్టు మొదలగువారు బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బును స్థాపించి, వేటలోను ధర్మముండవలెనని ప్రబోధించిరి. 1900లో వచ్చిన లేసీ చట్టము, నియమము తప్పి కొట్టిన మృగమాంసమును ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు పంపి యమ్ముటను నిషేధించెను. దానితో అంగడి వేట వెన్ను విఱిగెను. పొడవు రైఫిలు పుట్టిన పెన్సిల్వేనియాలోనే జింకలు కరవైపోగా, 1906లో మిషిగన్ రాష్ట్రమునుండి జింకలను తెప్పించి అడవులలో విడిచిరి. 1907లో ఆ రాష్ట్రమున మగజింకలను మాత్రమే కొట్టవలెనని శాసించిరి.

1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము వచ్చెను. తుపాకులపైనను తూటాలపైనను వసూలగు పన్నును అన్యవ్యయములకు పోనీయక, వన్యమృగముల పునరుద్ధరణకై రాష్ట్రములకు పంచవలెనని దాని సారాంశము. వేటకాడే అడవికి శిస్తు కట్టువాడయ్యెను. ఈ విధముగా తెల్లతోక జింకలు మరల పెరిగి నేడు సుమారు 3 కోట్లున్నవని యంచనా.

పెరుగుటకును కొలత కావలెనని మఱియొక పాఠము నడుమనే నేర్వవలసివచ్చెను. అరిజోనాలోని కైబాబ్ పీఠభూమిపై జింకలను కాపాడుటకై తోడేళ్లను, కొండసింహములను చంపించిరి. జింకలు మితిమీఱి పెరిగి, చిగురాకు మిగులక, 1920ల నడుమ వేలకొలది ఆకటితో చచ్చినవి. తోడేలును చంపుట జింకకు మేలనుకొన్న యౌవనపు భ్రమను అటవీశాస్త్రవేత్త ఆల్డో లియొపోల్డు పిమ్మట విడిచి, 1949లో వెలువడిన తన గ్రంథమున ఆ పశ్చాత్తాపమును వ్రాసియుంచెను. అది ఆతని మరణానంతరము వెలువడిన పుస్తకము.

గుండు తగిలిన పిదప

ఇక మిగిలినది సీసము. గుండు తూచినవారు, మందు తూచినవారు, కడకు జింకలను లెక్కించినవారు సైతము, తగిలిన పిదప ఆ సీస మేమగునని చాలకాలము విచారింపలేదు. వేగముగా తగిలిన సీసము చిట్లి, కంటికి కనబడని తునకలై మాంసమున చెదరును. వేటకాడు అడవిలో విడిచిన ప్రేవులను గద్దలును రాబందులును తినును. సీసము వాని నరములను పట్టి చంపును. కాలిఫోర్నియా కాండర్ అను మహాపక్షి 1982 నాటికి లోకమంతటను 22 మాత్రమే మిగిలినది. పట్టి పెంచి మరల విడిచిన పక్షులును సీసపు విషముచేతనే పెక్కు చచ్చుచున్నవని తేలెను. నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను 1991 నాటికి దేశమంతటను నిషేధించిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 2013లో చట్టము చేసి, 2019 జూలై 1 నుండి ఏ వేటకును సీసపు గుండు వాడరాదని పూర్తిగా అమలుపఱచెను. తక్కిన పెక్కు రాష్ట్రములలో జింకవేటకు సీసము వాడుక సాగుచునే యున్నది.

ఈ శాసనము గుండు పోసికొనువారికి కఠినమైనదే. పోత గుండు మెల్లగా పోవును, గట్టి కూర్పు గలది, రాగితొడుగు గుండంతగా చిట్లదని వారి వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని చిట్లినంతమేర విషము విషమే. సీసమునకు బదులు రాగి గుండ్లు వాడుడన్నచో, 1,085 డిగ్రీల రాగి వంటపొయ్యిమీద కరగదు. ఏ గుణముచే ఈ విద్య ఇంటింటికి వచ్చెనో, ఆ గుణము గల లోహమే నేడు విచారణకు పాత్రమైనది. తాతల మూసను చేతబట్టుకొన్న మనుమనికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఆతని ఓర్పును, లెక్కను, చేతిపనియందలి గౌరవమును త్రోసివేయరాదు. పక్షి ప్రాణమును త్రోసివేయరాదు.

మన దేశమున ఈ వేట మాటయే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు వేటను మాన్పించినవి. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును, చుక్కల జింక తెలంగాణమునకును రాష్ట్రమృగములై చట్టపు రక్షణలో నున్నవి. కావున ఈ చరిత్ర అనుకరించుటకు కాదు, ఆలోచించుటకు. అమెరికా వేటకాడు మందును గ్రెయినులో వంతులతో కొలుచుట 19వ శతాబ్దిలోనే నేర్చెను. జింకల నెన్నింటిని విడువవలెనో 20వ శతాబ్దిలో నేర్చెను. విడిచిన సీసమెంత దూరము పోవునో 21వ శతాబ్దిలో నేర్చుకొనుచున్నాడు. బావినుండి నీరు తోడువారికి, చేనిపై మందు చల్లువారికి, చెఱువున చేప పట్టువారికి ఇదే వరుస వర్తించును. చేతిలోనిదానిని కొలుచుట అందఱికిని త్వరగా వచ్చును. చేయి దాటినదానిని కొలుచుట ఆలస్యముగా వచ్చును. ఆ యాలస్యమునకు మూల్యము చెల్లించునది నోరులేని ప్రాణి. ఆ మూల్యమును తగ్గించు సాధనము, అన్యుల యనుభవమును ముందుగా చదివి తెలిసికొనుటయే. సీసపు టక్షరములతో అచ్చొత్తిన పుస్తకములను ఊరి నడుమ నిలిపి యుంచిన గ్రంథాలయమునకు ఇంతకుమించిన ప్రయోజనము వేఱొకటి లేదు.